అప్‌డేట్: వాలుతలం మీద గోళం, 3.57 కాదు 4.13

హన్మకొండ నుంచి మొన్న అడిగిన లెక్క ఇది: 30 డిగ్రీల వాలుతలం (ఈ కోణమే తీటా), ఘన గోళం, ఘర్షణ గుణకం 0.1, గురుత్వ త్వరణం జి విలువ 10. త్వరణం ఎంత? నాకు 3.57 వచ్చింది, జవాబుల కీలో 4.13 ఉంది. కీ కరెక్టే. దారి చూపిన అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్.

తప్పు మొదటి లైన్‌లోనే ఉంది. గోళం జారకుండా దొర్లుతుందని అనుకొని 5/7 జి సైన్ తీటా వేశాను. అట్లా దొర్లాలంటే ఘర్షణ గుణకం కనీసం 2/7 టాన్ తీటా, అంటే 0.165 ఉండాలి. ఉన్నది 0.1. కాబట్టి జారుతుంది, ఘర్షణ గరిష్ఠ విలువకు చేరుతుంది: త్వరణం = 10(0.5 − 0.0866) = 4.13.

సరిచూసే పద్ధతి నాకు బాగా నచ్చింది. ఆర్ ఆల్ఫా (వ్యాసార్థం × కోణీయ త్వరణం) = 2.5 × 0.866 = 2.17. జారకుండా దొర్లితే ఇది గోళం త్వరణానికి సమానంగా ఉండాలి. ఇది 4.13 కంటే తక్కువ, అంటే జారుడు ఖాయం.

రింగ్‌కైతే 2/7 బదులు 1/2, డిస్క్‌కు 1/3. ఇంకోటి, జారినప్పుడు ఘర్షణ వల్ల శక్తి వేడిగా పోతుంది. ఎంజీహెచ్ (ఎత్తు వల్ల ఉన్న స్థితిజశక్తి) మొత్తాన్ని జారకుండా దొర్లే గోళం గతిజశక్తికి సమానం చేస్తే మళ్లీ 3.57 దగ్గరికే వస్తారు. జేఈఈ మెయిన్‌లో దానికి ఒక మార్కు కోత కూడా.