ప్రాజెక్టు ప్రపోజల్ రెండుసార్లు రిజెక్ట్ అయింది. యూనివర్సిటీని ఏం అడగాలి?

బీకరు:
అందరికీ నమస్కారం. రాష్ట్ర యూనివర్సిటీలో కెమిస్ట్రీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, చేరి మూడేళ్లయింది. నిధుల కోసం పంపిన రీసెర్చి ప్రపోజల్‌కి మొదటిసారి ‘ప్రిలిమినరీ డేటా (ముందుగా చేసి చూపే ప్రయోగ ఫలితాలు) చాలదు’ అన్నారు, రెండోసారి ‘ఈ పనికి కావలసిన సదుపాయాలు మీ సంస్థలో లేవు’ అన్నారు. కొత్త వీసీ గారు రీసెర్చి పెరగడానికి ఏం కావాలో ఒక పేజీలో రాసిమ్మన్నారు. మా వాళ్లంతా వర్క్‌షాప్ పెట్టమని రాస్తున్నారు. నాకెందుకో నమ్మకం లేదు. మీరైతే ఏం రాస్తారు?

పాత ఫైలు:
వర్క్‌షాపులు మేమూ ఏడాదికి రెండు పెట్టేవాళ్లం. భోజనాలు బాగుండేవి. నేను యూనివర్సిటీలో రీసెర్చి ప్రాజెక్టుల వ్యవహారాలు చూసే ఆర్ అండ్ డీ సెల్‌లో ఉన్న రోజుల్లో నిజంగా పనికొచ్చింది ఒకటే. గడువుకు ఆరు వారాల ముందే ప్రపోజల్ తెప్పించి ఇద్దరితో చదివించడం. ఒకరు మీ సబ్జెక్టువారు, బయటి యూనివర్సిటీ నుంచి. ఇంకొకరు ఏ బోటనీవారో. మీరేం కనుక్కోబోతున్నారో మొదటి పేజీలోనే బోటనీవారికి అర్థం కాలేదంటే తిరగరాయాల్సిందే. బయటివారికి గౌరవ వేతనం ఇవ్వండి. ఊరికే అడిగితే ‘బాగుంది’ అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు.

డేటా లేదన్న మాటకు మందు సీడ్ మనీ, అంటే పని మొదలుపెట్టడానికి యూనివర్సిటీయే ఇచ్చే చిన్న మొత్తం. కెమికల్స్‌కి, బయట శాంపిల్స్ చేయించుకోవడానికి రెండు లక్షలిచ్చినా ఊపిరాడుతుంది. కానీ షరతు ఉండాలి: ఏడాదిలోపు బయటి నిధులకు ప్రపోజల్ పెట్టి తీరాలి.

నల్లరేగడి:
పెద్ద పరికరం కొనమని మాత్రం అడక్కండి. కొన్నాక ఏఎంసీ (ఏటా మెయింటెనెన్స్ ఖర్చు) ఎవరు కడతారు? ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ పరికరం ఏ ల్యాబ్‌లో ఉందో చూసి బుక్ చేసుకోవచ్చు. ఆ ల్యాబ్‌వారి దగ్గర అంగీకార లేఖ తీసుకుని ప్రపోజల్‌కి జత చేయండి. రీసెర్చికి నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్ఆర్ఎఫ్‌కి ‘పెయిర్’ అనే పథకం ఉంది, అందులో ఒక పెద్ద సంస్థ (హబ్) కింద కొన్ని యూనివర్సిటీలు (స్పోక్‌లు) కలిసి పనిచేస్తాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఒక హబ్. మీది ఏ హబ్ కిందైనా స్పోక్‌గా ఉందేమో కనుక్కోండి. ఉండి కూడా తెలియనివాళ్లను చూశాను.

ఏఎన్ఆర్ఎఫ్‌కి ముందు సెర్బ్ అనే సంస్థ ఉన్నప్పుడు రాష్ట్ర యూనివర్సిటీలవారికని ‘ష్యూర్’ పథకం పెట్టారు, 3 ఏళ్లకు 30 లక్షల దాకా. ఐఐటీ వాళ్లతో పోటీ ఉండదు. అలాంటి పిలుపు వస్తే వదలొద్దు.

బీకరు:
థాంక్సండీ. ఇంకో బాధ. పోయినసారి ప్రపోజల్‌కి జత చేయాల్సిన ఎండార్స్‌మెంట్ (యూనివర్సిటీ ఆమోదపత్రం) మీద సంతకానికి 11 రోజులు తిరిగాను. గడువు రోజు సాయంత్రం చేతికొచ్చింది.

పాత ఫైలు:
అసలు జబ్బు అదేనమ్మా. మీ పేజీలో మొదటి వాక్యం అదే రాయండి. సెల్‌కి డైరెక్టర్ ఉంటే చాలదు, అకౌంట్స్ తెలిసిన ఒక మనిషి కావాలి. పీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ నిధుల లెక్కల పోర్టల్), జెమ్ (ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్) కొనుగోళ్లు, ఏటా జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో యూసీ (నిధులు ఖర్చు చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్), ఇవన్నీ టీచరే చూసుకుంటే ల్యాబ్‌కి ఎప్పుడెళ్తారు? యూసీ ఆలస్యమైతే మరుసటి ఏడు డబ్బు ఆగిపోతుంది, దాంతో ప్రాజెక్టులో పనిచేసే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పిల్లలకు ఫెలోషిప్ ఉండదు.

ఆ మనిషికి జీతం ఎక్కడిదంటారు. ప్రాజెక్టుతోపాటు సంస్థ ఖర్చులకని వచ్చే ఓవర్‌హెడ్ జనరల్ ఫండ్‌లో కలిసిపోతుంటుంది. అందులో సగం సెల్‌కే అని ఈసీ (ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్)లో తీర్మానం చేయించండి. ఆర్ అండ్ డీ సెల్ గురించి యూజీసీ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, నోట్‌లో ఆ మాట పెట్టండి.

నల్లరేగడి:
ర్యాంకుల సంగతి కూడా కలపండి. ప్రాజెక్టు నిధులకు ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం ఇచ్చే ర్యాంకులు)లో మార్కులున్నాయి, యూనివర్సిటీలకు గుర్తింపునిచ్చే న్యాక్ కూడా రీసెర్చిని చూస్తుంది. ఫైలు కదిలేది దానికే.

బీకరు:
క్లాసుల మాట అడగొచ్చా? యూజీసీ 2018 లెక్కన మాకు వారానికి 16 గంటలు. గెస్ట్ ఫ్యాకల్టీ లేక నేను 20 చెప్తున్నాను.

పాత ఫైలు:
అడగండి, కానీ ఎప్పటికీ తగ్గించమని కాదు. ప్రపోజల్ రాసే ఒక్క సెమిస్టర్‌కి ఆ పైనున్న 4 గంటలు తీసేయమనండి. అంత చిన్న కోరికను కాదనడం కష్టం. అన్నట్టు రివ్యూయర్ల కామెంట్లు పారేయలేదు కదా?

బీకరు:
లేదండీ, రెండూ మెయిల్‌లో ఉన్నాయి.

పాత ఫైలు:
ప్రింట్ తీసి ఆ పేజీ వెనకాల పిన్ చేయండి.