కడుపులో బిడ్డకు శ్లోకాలు: వింటుందా, వింటే ఏమవుతుంది?

కొత్తకాపురం: నాకు అయిదో నెల. మా అత్తగారు ఆరు వేలు పోసి పొట్టకు చుట్టుకునే స్పీకరు పట్టీ తెప్పించారు. రోజూ గంటసేపు శ్లోకాలు పెడితే బిడ్డ మెదడు చురుగ్గా తయారవుతుందట. నిజమేనా?

లెక్కలమాస్టారు: నిజమేనమ్మా. అభిమన్యుడు పద్మవ్యూహం నేర్చుకున్నది సుభద్ర కడుపులోనే కదా! 1986లో పాశ్చాత్యులూ తేల్చారు. డికాస్పర్, స్పెన్స్ అనే పరిశోధకులు గర్భిణులచేత చివరి ఆరు వారాలూ రోజుకు రెండుసార్లు ఒకే కథ పైకి చదివించారు. పుట్టిన పిల్లలు పాలపీక చీకే తీరు మార్చుకుని మరీ ఆ కథనే కోరుకున్నారు.

పాతచింత: వ్యాసభారతం ద్రోణపర్వంలో అభిమన్యుడు లోపలికి చొరబడే ఉపాయం తండ్రి నేర్పాడంటాడు. కడుపులో విన్నానని అనడు.

నీలిగోరింట: మాస్టారూ, ఆ పిల్లలు కథను గుర్తుపట్టారు, అంతే. తెలివి పెరిగిందని ఆ ప్రయోగం చెప్పలేదు. పైగా అవి చివరి వారాలు. శబ్దానికి బిడ్డ స్పందించడం మొదలయ్యేది సుమారు 24 వారాలు దాటాకే. అసలు మెదడు తయారీ మొదలయ్యేది అంతకు చాలా ముందు. మెదడూ వెన్నుపామూ కాబోయే నాడీనాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. అప్పటికి మనం నెల తప్పిందా లేదా అని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉంటాం. అది సరిగ్గా మూసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి, రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి ముందునుంచే. ఆ మాత్ర ధర స్పీకరు ఖరీదులో ఎన్నో వంతో మీరే లెక్క వేయండి.

సాయంత్రంకాఫీ: మొజార్టు సంగీతం పెడితే మంచిదట కదా?

నీలిగోరింట: ఆ మాటకు మూలమైన 1993 నాటి ప్రయోగం కాలేజీ విద్యార్థుల మీద జరిగింది. ప్రభావం పది పదిహేను నిమిషాలు.

లెక్కలమాస్టారు: మరి ప్రహ్లాదుడో? నారదుడు తల్లికి చెప్పిందంతా కడుపులోనే విన్నాడు.

పాతచింత: ప్రహ్లాదుడిని ఒప్పుకుంటాను. అభిమన్యుడిని ఒప్పుకోను.

లెక్కలమాస్టారు: తల్లి నాలుగు మంచి మాటలు వింటే నష్టమేమిటి? అర్ధరాత్రి దాకా ఫోను చూస్తూ కూర్చుంటే పుట్టే పిల్లలూ అలాగే తయారవుతారు.

నీలిగోరింట: ఇదిగో, ఇప్పుడు వచ్చింది అసలు మాట. మా రెండోవాడికి మూడేళ్ళు దాటినా మాటలు రాలేదు. ముందు ‘వాళ్ళ నాన్నకూ ఆలస్యమే’ అన్నారు. తర్వాత ‘కడుపుతో ఉన్నప్పుడు నువ్వు పగలంతా నిద్రపోయావు, అందుకే’ అన్నారు. వాడికి పుట్టుకతోనే వినబడదని చివరికి తెలిసింది. పుట్టినప్పుడు మెదడు బరువు పెద్దవాళ్ళ మెదడు బరువులో నాలుగో వంతే ఉంటుంది. మిగతా పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్ళలోనే. శబ్దం అందకపోతే వినికిడి కేంద్రం ఖాళీగా కూర్చోదు, వేరే పనికి మళ్ళిపోతుంది. ఆ రెండేళ్ళూ మా ఇంట్లో నా నిద్ర మీద పంచాయతీకే సరిపోయాయి.

లెక్కలమాస్టారు: నేను మిమ్మల్ని ఏమన్నా అన్నానా?

నీలిగోరింట: అననక్కరలేదు. మీరు చెప్పిన కథలోనే తప్పెవరిదండీ? నిద్రపోయిన సుభద్రదే కదా!

లెక్కలమాస్టారు: భోజనం చేసి వచ్చి రాస్తున్నాను. 1984లో మా మొదటి పాప వెన్ను మూసుకోకుండా పుట్టింది. నాలుగు రోజులు బతికింది. ఈ మాత్ర సంగతి అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు. గ్రహణం చూశావా అని మా ఆవిడను అందరూ అడిగారు. నేనూ అడిగాను. ఇప్పుడు కోడలికి మూడో నెల. చేతులు ముడుచుకుని ఉండలేక రోజూ భాగవతం చదివి వినిపిస్తున్నాను.

నీలిగోరింట: చదవండి మాస్టారూ. మూడో నెలలో బిడ్డకు వినబడదు, కోడలికి వినబడుతుంది. ఆమెకు నిద్ర వస్తే మాత్రం ఆపేయండి.

కొత్తకాపురం: మరి నా పట్టీ?

నీలిగోరింట: వాపసు తీసుకుంటారేమో అడగండి. పుట్టిన నెలలోపు బిడ్డకు వినికిడి పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి.

పాతచింత: ద్రోణపర్వంలో సుభద్ర నిద్ర ప్రసక్తే లేదు. మొదటినుంచీ నేను చెబుతున్నది అదే.