నల్ల కుక్కను బయట ఫొటో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ తగ్గించాలా, పెంచాలా?

కర్రిగాడి_అమ్మ:
మా కర్రిగాడు ఒళ్లంతా నలుపే. పదకొండేళ్లు నిండాయి, ఈ మధ్యే మూతి దగ్గర నాలుగు వెంట్రుకలు నెరిశాయి. ఏడాదిగా వాడి ఫొటోలు తీస్తున్నాను. ఏ ఫొటో చూసినా గడ్డి బాగుంటుంది, వెనక చెట్లు బాగుంటాయి, మధ్యలో మాత్రం కుక్క ఆకారంలో చిల్లు పడ్డట్టు ఉంటుంది. కళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. నల్ల జంతువు కాబట్టి ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకి కెమెరా తీసుకునే వెలుతురును, మైనస్‌లో పెట్టి తగ్గించమని ఒకరు చెప్పారు. ప్లస్‌లో పెట్టకపోతే బొచ్చులో వివరమే రాదని ఇంకొకరు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఎవరి మాట వినాలి? వాడు ఇలా ఉండగానే ఒక్క మంచి ఫొటో తీసుకోవాలని నా ఆత్రం.

మైనస్_ఒకటి:
మైనస్సేనండి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి కుక్కేదో గేదేదో తెలీదు. ఎదురుగా ఉన్నది మధ్యరకం బూడిద రంగు అనుకుని, అంటే మీద పడ్డ వెలుతురులో దాదాపు 18 శాతం తిప్పికొట్టే వస్తువు అనుకుని లెక్క కడుతుంది. ఫ్రేమ్ నిండా నల్ల బొచ్చు ఉంటే చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. దాంతో కుక్క బూడిద రంగులోకి వస్తుంది, వెనక ఆకాశం తెల్లగా కాలిపోతుంది. నేను గుర్రాలను దగ్గర్నుంచి తీసేటప్పుడు మైనస్ 1తో మొదలుపెడతాను. నల్లది నల్లగానే కనబడాలి. అది దాని అసలు రంగు, వెలిసిపోయినట్టు చూపిస్తే నాకు ప్రాణం ఒప్పదు.

రా_ఫైల్:
నేను ఒప్పుకోను. రా ఫైల్, అంటే సెన్సర్ పట్టిన డేటాను దాదాపు అలాగే దాచే ఫైల్, తీసేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. 14 బిట్ల ఫైల్‌లో 16,384 వెలుగు మెట్లుంటాయి. అందులో సగం, అంటే 8,192, అన్నిటికన్నా వెలుగ్గా ఉన్న ఒక్క స్టాప్‌కే పోతాయి (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపో సగమో కావడం). తర్వాతి స్టాప్‌కి 4,096. అలా సగం సగం దిగుతూ ఆరో స్టాప్‌కి వచ్చేసరికి మిగిలేవి 256. మన నల్ల బొచ్చు ఉండేది అక్కడే. మెట్ల సంగతి అలా ఉంచితే, అసలు దెబ్బ నాయిస్‌ది. సెన్సర్‌కి తక్కువ వెలుతురు అందిన చోటే గరుకు ఎక్కువ. మైనస్‌లో తీసి తర్వాత కంప్యూటర్‌లో పైకి లాగితే బొచ్చు బదులు ఇసుక కనిపిస్తుంది. హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో చీకటి ఎడమకీ వెలుగు కుడికీ చూపే గ్రాఫ్, కుడి అంచును తాకే ముందు దాకా పెంచి తీయండి, నలుపును తర్వాత కిందికి దించుకోవచ్చు. జేపెగ్ (కెమెరాయే సిద్ధం చేసి కుదించి ఇచ్చే మామూలు ఫొటో ఫైల్) మాత్రమే తీసేవాళ్లకు ఈ సలహా పనికిరాదు. వాళ్లు తీసేటప్పుడే సరిగ్గా తీయాలి.

మైనస్_ఒకటి:
చెప్పడానికి బాగానే ఉంది. నేనూ చేసి చూశాను. మిట్టమధ్యాహ్నం నీళ్లలోంచి అప్పుడే లేచిన గేదెను ప్లస్‌లో తీశాను. తడి వీపు మీద ఎండ పడి వెన్ను పొడవునా తెల్లటి గీత వచ్చింది. ఎంత కిందికి లాగినా అది బూడిద పట్టీగా మారిందే తప్ప అందులో ఒక్క వెంట్రుక కనిపించలేదు. కాలిపోయిన చోట తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఫోన్‌తోనే:
నా దగ్గర కెమెరా లేదు. ఫోన్‌లో కుక్క ముఖం మీద వేలు పెట్టి కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి. తర్వాత వేలు కాస్త కిందికి జరిపితే నలుపు తిరిగొస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. నల్ల చెవి వెనక నీడ ఉంటే ఫోన్ తికమకపడి చెవి అంచును కూడా మసక చేసేస్తుంది.

నిగనిగ:
పైన ఇద్దరూ చెప్పినవి రెండు వేర్వేరు ఫొటోల గురించి. ఫ్రేమ్ నిండా నలుపే ఉంటే మీటర్ మోసపోయి పెంచుతుంది, మైనస్ కావాలి. కర్రిగాడి అమ్మగారి ఫొటోల్లో కుక్క చిన్నది, చుట్టూ ఎండలో గడ్డి, పైన ఆకాశం. అక్కడ మీటర్ ఆ వెలుగును చూసి తగ్గిస్తోంది. కాబట్టి ఆ ఫొటోలకు ప్లస్సే. ఈ గొడవే వద్దనుకుంటే పచ్చగడ్డి మీద మీటర్ చూసి, మాన్యువల్‌లో అవే అంకెలు పెట్టేసి కుక్క వైపు తిరగండి. గడ్డి దాదాపు ఆ మధ్యరకం బూడిదతో సమానం. కుక్క మీద పడే వెలుతురే ఆ గడ్డి మీదా పడుతుండాలి, అదొక్కటే షరతు.

అయినా నన్నడిగితే ఈ చర్చలో అసలు సంగతి ఇంకా రాలేదు. నల్ల బొచ్చు మనకు దాని రంగు వల్ల కనబడదు, నిగనిగ వల్ల కనబడుతుంది. భుజం గుండ్రన, పక్కటెముకల వంపు, చెవి మడత ఇవన్నీ బొచ్చు మీద మెరిసే ఆకాశమే. నడినెత్తిన ఎండ ఉంటే మెరుపంతా వీపు మీదే ఉంటుంది, ముఖం గుహలా ఉంటుంది. అప్పుడు ప్లస్ పెట్టినా మైనస్ పెట్టినా దండగ. వాడిని చెట్టు నీడ అంచున కూర్చోబెట్టి, ముఖం బయటి ఆకాశం వైపు తిప్పండి. కంట్లో తెల్లటి మెరుపు చుక్క కనిపించిందంటే వెలుతురు సరిగ్గా పడినట్టే. కాళ్ల కింద సిమెంటు గానీ ఇసుక గానీ ఉంటే ఇంకా మంచిది, గడ్డం కిందికి వెలుతురు ఎగదన్నుతుంది. నీడలో బొచ్చుకు నీలి ఛాయ వస్తుంది, కెమెరాలో రంగు ఛాయను సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను షేడ్‌లో పెడితే పోతుంది. లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ వాడమని ఎవరైనా చెబితే ఆలోచించండి, అది ఒకటి రెండు స్టాపుల వెలుతురుతో పాటు మనకు కావాల్సిన ఆ నిగనిగనే మింగేస్తుంది. తీసే ముందు తడిగుడ్డతో ఒకసారి తుడవండి, నలుపు మీద దుమ్ము ఒక్క రేణువు కూడా దాగదు.

రా_ఫైల్:
వెలుతురు గురించి నూటికి నూరు పాళ్లు నిజం. కానీ నీడ అంచున కూర్చోబెట్టినా నేను మూడింట రెండు వంతుల స్టాప్ పెంచే తీస్తాను. అది మానను. ఇంకోటి, నల్ల బొచ్చులో కాంట్రాస్ట్ లేక ఆటోఫోకస్ అటూ ఇటూ తడుముకుంటుంది. కంటి మెరుపు మీదో, మెడపట్టీ అంచు మీదో పెట్టి పట్టుకోండి.

కర్రిగాడి_అమ్మ:
ఈ ఉదయం ప్రయత్నించాను. వరండా అంచున సిమెంటు గచ్చు మీద కూర్చోబెట్టి, పక్కనే అదే నీడలో ఉన్న గడ్డి మీద మీటర్ చూసి పెట్టాను. ఒకటి అలాగే, ఒకటి కాస్త ప్లస్‌లో, ఒకటి మైనస్‌లో తీశాను. మైనస్‌ది పాత చిల్లులాగే ఉంది. మిగతా రెండింట్లో ఏది మేలో తేల్చుకోలేకపోతున్నాను. ప్లస్‌దాన్ని దగ్గరగా చేసి చూస్తే చెవి వెనక బొచ్చు నలుపు కాదు, కొంచెం ఎర్రటి గోధుమ రంగు. పదకొండేళ్లుగా రోజూ నిమిరే చోటు అది, నాకే తెలీదు. మూతి మీద నెరిసినవి నాలుగే అనుకున్నాను, ఫొటోలో లెక్కపెడితే పద్నాలుగు ఉన్నాయి.