కలుపు తీయనివాడు … కోయడు. మధ్యలో మాట ఏమిటి?

పెరటిగుమ్మం:
నాలుగు రోజులుగా ఒక మాట బుర్రలో తిరుగుతోంది. మా నాయనమ్మ పొలం గట్టు మీద కూర్చుని కూలివాళ్ళతో అనేది, "కలుపు తీయనివాడు ... కోయడు" అని. మధ్యలో రెండక్షరాల మాట ఒకటి జారిపోయింది. 'కోత' అని మీరంతా వెంటనే రాస్తారని తెలుసు. అచ్చులో చూసినదీ అదే. కానీ ఆవిడ అన్నది అది కాదు. ఆ మాటకి కూలివాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. 'కోత కోయడు'లో నవ్వడానికి ఏముంది? 'కో'తో మొదలయ్యే మాటే, అంతవరకు గ్యారంటీ.

రిటైర్డ్ పంతులు:
కోతే అమ్మా. ఆట ఆడు, పాట పాడు, కోత కోయు. ఆ ఒరవడి చెవికి తెలుస్తూనే ఉంది. యజమానురాలు ఏమన్నా కూలివాళ్ళు నవ్వుతారు, అది వేరే సంగతి. నన్ను అడిగితే ఇందులో రుచంతా 'కలుపు'లో ఉంది. పైరులో కలిసి ఉంటుంది కనుక కలుపు. మొక్కకి ఏ దోషమూ అంటగట్టలేదు చూడండి, ఉన్న చోటుని బట్టి పేరు పెట్టారు. గట్టు మీద ఉంటే దూర్వ, మడిలోకి దిగితే గరిక. వినాయకుడి పత్రిలో ఉమ్మెత్త, ఉత్తరేణి, జిల్లేడు అన్నీ ఉన్నాయి. చేలో కనబడితే వాటిని ఒక్కరోజు ఉండనిస్తామా?

హోసూరు తెలుగు:
మాస్టారూ, వివరణ బాగుంది కానీ 'లు' దగ్గర పట్టు తప్పింది. మాకు ఇక్కడ మూడు భాషలూ వాకిట్లోనే ఉంటాయి. తమిళంలో కలుపుమొక్క 'కళై', కన్నడంలో 'కళె'. రెండింటిలోనూ ళ. కలపడానికి తమిళం 'కల', మామూలు ల. అంటే రెండూ వేరు వేరు ధాతువులు. మన దగ్గర ళ మెత్తబడి రెండూ ఒకేలా వినబడుతున్నాయి. వాళ్ళ 'పుళి' మన 'పులుపు' కాలేదా? అలాగే కళై, కలుపు. పైగా తమిళ 'కళై'కి క్రియగా తీసిపారేయడం అని అర్థం. కన్నడంలో తీసివేత లెక్క కూడా 'కళె'యే. కాబట్టి కలుపంటే కలిసింది కాదండీ, పీకాల్సింది.

రిటైర్డ్ పంతులు:
తెలుగులో ళ పోయిందని ఎవరన్నారు? కళ్ళు, నీళ్ళు, ముళ్ళు. ఇవన్నీ ఎక్కడివి?

హోసూరు తెలుగు:
అవి బహువచనం 'లు' చేరి పుట్టిన ళ్ళలు. కన్ను, నీరు, ముల్లు అనండి, ళ కనబడుతుందా?

రిటైర్డ్ పంతులు:
కలుపుగోలుతనం అన్నప్పుడు మాత్రం కలుపు మంచిదైపోయిందన్నమాట!

డెల్టా చేను:
పంతులుగారూ, నేను మీ శిష్యుణ్ణే అయినా ఈసారి హోసూరువైపే. కారణం కేళీలు. విత్తనానికి వేసిన మడిలో వేరే రకం వరి దుబ్బు వస్తే దాన్ని కేళీ అని ఏరేస్తాం. అసలు సిసలుగా కలిసింది అదే కదా? దాన్ని ఎవరూ కలుపు అనరు. కలుపు అంటే ఊద, తుంగ.

ఊద సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. నెల రోజుల దుబ్బులో వరికీ ఊదకీ తేడా చెప్పమంటే చదువుకున్నవాళ్ళు తెల్లమొహం వేస్తారు. ఆకు కాడ నుంచి విడివడే చోట వరికి తెల్లటి పల్చని పొర, రెండు పక్కలా చిన్న నూగు చెవులు ఉంటాయి. ఊదకి ఆ చోటు బోసిగా, నున్నగా ఉంటుంది. మా అమ్మ అంత దగ్గరగా కూడా చూసేది కాదు. నడుం వంచి నడుస్తూ, ఆకు నడిమి ఈనె తెల్లగా మెరిస్తే లాగి పక్కన పడేసేది. అయినా కొన్ని తప్పించుకునేవి. గింజ రాల్చేవి అవే. వందల ఏళ్ళు ఇలా జరిగితే, వరిని ఎక్కువగా పోలినదే ఎక్కువగా మిగులుతుంది. అంటే పీకేవాళ్ళ చేతులే ఊదకి వరి వేషం కట్టాయి. దీన్ని రష్యా శాస్త్రవేత్త వావిలోవ్ పేరుతో చెబుతారు. రై అనే చలిదేశాల ధాన్యం కూడా అలాగే గోధుమలో కలుపుగా బతికి, చలికి గోధుమ తట్టుకోలేని చోట తానే పంటై కూర్చుంది.

ఇప్పుడు ఊదలు మిల్లెట్ అని ప్యాకెట్ కట్టి బియ్యం కంటే ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు. చేలో ఊదా కొట్లో ఊదా ఒకే మొక్క కాదు, దగ్గరి చుట్టాలు. ఎవరో ఒకరు సరిదిద్దేలోగా నేనే చెప్పేస్తున్నా.

సిద్దిపేట అక్క:
మీరు 'లు' దగ్గర ఇంత కొట్లాడుతున్నరు గానీ మా దిక్కు అసలు ఆ 'లు'నే లేదు. మేం కల్పు అంటం.

మక్కచేన్ల గునుగు మొలిస్తే కల్పే. కూలి పెట్టి తీపిస్తరు, లేకుంటే మందు కొడతరు. బతుకమ్మ వచ్చిందంటే అదే గునుగు కట్టలు అంగట్ల పైసలు పెట్టి కొంటం. కొసలు కత్తిరించి, గులాబీ రంగుల ముంచి, చాట మీద ఆరబెట్టి, తంగేడు మీద వరసగ పేరుస్తం. చిన్నప్పుడు చేన్లకెల్లి ఒడినిండ తెంపుకొచ్చేటోళ్ళం, ఒక్క పైస లేదు. తుమ్మికూర కూడ అంతే, వినాయక చవితి నాడు తప్ప ఎవ్వరు మొహం చూడరు.

పెరటిగుమ్మం:
అక్కా, మీ గునుగు బాగుంది. నా రెండక్షరాలు మాత్రం ఇంకా దొరకలేదు.

డెల్టా చేను:
కలుపుకి ఎంత ముద్దు పేర్లు పెట్టారో గమనించారా? పొగాకు వేర్లకి పట్టి పీల్చేసేది 'పొగాకు మల్లె'. మినుము మీద పడి అల్లుకుపోయేది 'బంగారుతీగ'. చేయి తగిలితే దురద పుట్టించేది 'వయ్యారిభామ'. ఈ భామ మన ఊరిది కూడా కాదు. 1955 ప్రాంతంలో పుణేలో కనబడింది, దిగుమతి గోధుమలతో వచ్చిందని చెప్పుకుంటారు. కాంగ్రెస్ గడ్డి అనే పేరూ ఉంది, అది ఎందుకొచ్చిందో ఇక్కడ మొదలుపెడితే అడ్మిన్ ఊరుకోరు.

రిటైర్డ్ పంతులు:
పేర్ల మాట అలా ఉంచండి. మట్టి పనిని తలెత్తుకుని చెప్పుకున్న కవి అంటే నాకు పోతనే. 'హాలికులైననేమి' అన్నాక ఊరుకోలేదు, 'కౌద్దాలికులైననేమి' అన్నాడు. కుద్దాలమే మన గుద్దలి. రాజుగారి కూడు తినడం కంటే అడవిలో దుంపలు తవ్వుకోవడం మేలన్నాడు. ఆ దుంపలు ఎవరు నాటారు చెప్పండి? వాటిని కలుపంటారా, పంటంటారా?

హోసూరు తెలుగు:
మా ఇంట్లో పుస్తకంలో 'గౌద్దాలికులు' అని ఉంది.

రిటైర్డ్ పంతులు:
అచ్చుతప్పు.

హోసూరు తెలుగు:
గుద్దలికి అదే దగ్గర కదండీ. పైగా అది చాటుపద్యం, పోతనదే అని సంతకం ఏమీ లేదు.

రిటైర్డ్ పంతులు:
సంతకం ఎందుకు, గొంతు వినబడటం లేదా?

సిద్దిపేట అక్క:
పోతన మా బమ్మెరాయన. క అయినా గ అయినా మాకు సమ్మతమే. చెల్లీ, నాకొకటి తోస్తుంది, నవ్వకు. 'కోడి' కావచ్చు. కల్పు తియ్యనోడు కోడి కొయ్యడు! పంట రాకుంటే కూలోళ్ళకు కోడికూర ఎక్కడిది? అందుకే నవ్విండ్రు.

డెల్టా చేను:
అక్కా, దండం. ఇదే! కోతలయ్యాక మావైపు కోడి కోయాల్సిందే.

పెరటిగుమ్మం:
చదవగానే ఒళ్ళు ఝల్లుమంది. అచ్చం ఆవిడ గొంతులోనే వినబడింది. కానీ ఒక్కటే చిక్కు. మా నాయనమ్మ ఉల్లిపాయ కూడా ముట్టేది కాదు. కూలివాళ్ళకి ఆవిడ పెట్టింది ఎప్పుడూ గోంగూర పచ్చడీ మజ్జిగా. ఆవిడ నోట కోడి మాట ఎలా వస్తుంది?

సిద్దిపేట అక్క:
అందుకే ఇంకా ఎక్కువ నవ్విండ్రు కావచ్చు.

రిటైర్డ్ పంతులు:
నేను కోత దగ్గరే ఉన్నాను.

హోసూరు తెలుగు:
కోడో కోతో మీరు తేల్చుకోండి. పులుపుకి మాస్టారు ఇంకా జవాబు చెప్పలేదు.