దలతి హృదయం: పగలడమా, విచ్చుకోవడమా?

భవభూతి ఉత్తరరామచరిత నాటకంలో రాముడు చెప్పే శ్లోకంలోని ఒక పాదం రెండు రోజులుగా వదలడం లేదు. "…హృదయం శోకోద్వేగాద్ ద్విధా తు న భిద్యతే": శోకపు ఉద్వేగంతో గుండె …, రెండుగా మాత్రం చీలదు. మొదటి మాట జ్వలతియా (మండుతోంది), దలతియా (పగులుతోంది)? బాబాయి పోయిన మర్నాడే పిన్నికి గుండెనొప్పి వచ్చింది. ఈసీజీలో తేడా ఉంది, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పెరిగింది, యాంజియోగ్రామ్‌లో మాత్రం బ్లాకులు లేవు. ఎకో (గుండె స్కాన్) తెర మీద ఎడమ జఠరిక (గుండె కింది గది) కొన బుడగలా ఉబ్బి కదలకుండా ఉంది, దాని పైభాగం గట్టిగా కొట్టుకుంటోంది. టాకోట్సుబో అన్నారు, దుఃఖంతో గుండె కండరం మొద్దుబారే జబ్బట. అది చూస్తుండగా ఈ పాదం గుర్తొచ్చింది.

జవాబు: దలతి. మూడో పాదంలో "జ్వలయతి" ఉంది, అందుకే తడబడ్డారు. నా ప్రతిలో "శోకోద్వేగాద్"కు బదులు "గాఢోద్వేగం" అని ఉంది. అదే బిగువుగా ఉందండీ. శోకమని రాముడు పేరు పెట్టి చెప్పాలా?

జవాబు: ఛందస్సుతో తేలదు. ఇది హరిణీ వృత్తం, అందులో మొదటి ఐదు అక్షరాలూ లఘువులే, జ్వలతి అన్నా నడుస్తుంది. ఈ శ్లోకం భవభూతి మరో నాటకం మాలతీమాధవంలోనూ ఉంది, అక్కడా చూడండి. అసలు చిక్కు దల్ ధాతువులో ఉంది. మొగ్గ విచ్చుకోవడానికీ అదే మాట. విచ్చుకుంటోంది, రెండుగా మాత్రం చీలదు. ఎకోలో మీరు చూసింది అదే.

జవాబు: విచ్చుకోవడంలో ఏడుపెక్కడుంది మాస్టారూ? "గుండెలవిసేలా ఏడ్చింది" అంటాం కదా, దలతికి అవిసిపోవడమే సరైన తెలుగు.

జవాబు: టాకోట్సుబో అంటే జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టే కుండ. మెడ సన్నం, పొట్ట గుండ్రం. 1990లో అక్కడి వైద్యులే ఈ పేరు పెట్టారు. దుఃఖంలో అడ్రినలిన్ లాంటివి ఒక్కసారిగా పోటెత్తి కండరాన్ని మొద్దుబారుస్తాయంటారు. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలోనే ఎక్కువ. మొదటి రోజులు జాగ్రత్త, చాలామందికి కొన్ని వారాల్లో గుండె పాత ఆకారానికి వస్తుంది. కుండ అనగానే నాకు భవభూతి "పుటపాకప్రతీకాశో రామస్య కరుణో రసః" గుర్తొస్తుంది. రాముడి దుఃఖం పుటపాకం లాంటిదట: మూత బిగించి, మట్టి పూసి, లోలోపలే ఉడికించే మందు. ఆ శ్లోకం మొదలే "అనిర్భిన్నో", అంటే పగలనిది. దలతి కన్నా నాకు ఆ మాటే ఇష్టం.

జవాబు: దానికీ దీనికీ ముడి పెట్టకండి. అక్కడ దుఃఖం పైకి కనబడదు, ఇక్కడ రాముడు నోరు విప్పి ఏడుస్తున్నాడు.

అడిగింది నేనే: నిన్నటి ఎకోలో కొన కాస్త కదిలింది. పిన్నికి పుటపాకం శ్లోకం చదివి అర్థం చెప్పాను, మళ్ళీ చదవమంది. గాఢోద్వేగం ఉన్న పేజీ ఎవరైనా ఫొటో తీసి పెడతారా?