వామ్ బ్యాండ్‌లో ఆండ్రూ రిడ్జిలీ ఉత్సవ విగ్రహమేనా?

పాతక్యాసెట్:
1980లలో జార్జ్ మైకేల్, ఆండ్రూ రిడ్జిలీ ఇద్దరూ కలిసి నడిపిన బ్రిటిష్ పాప్ బ్యాండ్ వామ్ ప్రస్తావన ఎప్పుడొచ్చినా ఒకటే మాట వింటున్నాను. పాటలన్నీ జార్జ్ మైకేల్‌వి, ఆండ్రూ రిడ్జిలీ పక్కన గిటార్ తగిలించుకుని నిలబడ్డ అందగాడు, అంతే అని. నాకు ఇది అస్సలు మింగుడుపడదు. 1975లో లండన్‌కు దగ్గర్లోని బుషీ మీడ్స్ స్కూల్లో జార్జ్ కొత్తగా చేరినప్పుడు, ‘నేను చూసుకుంటా’ అని చెయ్యెత్తింది ఆండ్రూ. బిడియస్థుడైన ఆ పిల్లాడిని బ్యాండ్ పెడదామని వదలకుండా వెంటపడింది కూడా అతనే. మీరేమంటారు?

బేస్‌గిటార్:
వెంటపడటం వేరు, పాట కట్టడం వేరండి. 1984లో వచ్చిన ‘మేక్ ఇట్ బిగ్’ ఆల్బమ్ తీసి చూడండి. వేరేవాళ్ళ పాత పాట ఒకటి పక్కన పెడితే, ఆండ్రూ పేరు కనిపించేది ‘కేర్‌లెస్ విస్పర్’ ఒక్కదాని దగ్గరే. మిగతావన్నీ జార్జ్ ఒక్కడే రాశాడు. నిర్మాత కూడా అతనే. ఇక ‘లాస్ట్ క్రిస్మస్’ సంగతి. జార్జ్ వాళ్ళ అమ్మానాన్నల ఇంట్లో ఆండ్రూ టీవీ చూస్తూ కూర్చుంటే, జార్జ్ మేడమీద తన పాత గదిలోకి వెళ్ళి ఆ ట్యూన్ కట్టుకుని దిగి వచ్చాడు. రికార్డింగ్‌లో వాయిద్యాలన్నీ తనే వాయించాడు. మరి రెండోవాడి పనేంటి?

పాతక్యాసెట్:
మీరు ‘ఒక్కటే’ అంటున్నది ఏ పాటనో ఒకసారి ఆలోచించండి! ఇంకా ఏ కంపెనీ ఒప్పందమూ లేని రోజుల్లో, ఆండ్రూ వాళ్ళింటి ముందుగదిలో, చీపురుకర్రకు మైకు కట్టి తీసిన డెమో (కంపెనీలకు వినిపించే నమూనా రికార్డింగ్)లోనే ఆ ‘కేర్‌లెస్ విస్పర్’ ఉంది. ‘వామ్ ర్యాప్’లోనూ, ‘క్లబ్ ట్రాపికానా’లోనూ అతని చెయ్యి ఉంది. ‘వేక్ మి అప్ బిఫోర్ యు గో గో’ పేరు ఎలా పుట్టింది? పొద్దున్నే లేపమని ఆండ్రూ ఇంట్లోవాళ్ళకు చీటీ రాస్తూ ‘అప్’ పొరపాటున రెండుసార్లు రాశాడు. ఎలాగూ రాశాను కదా అని ‘గో’ కూడా రెండుసార్లు రాసేశాడు. జార్జ్ కళ్ళు దాని మీద పడ్డాయి. ఆ పాట బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్. ఇలాంటి చిలిపితనం జార్జ్‌కు తన ఒంటరి గదిలో దొరికేది కాదు.

వాక్‌మన్86:
నేను విశాఖలో హాస్టల్లో ఉన్నప్పుడు కాపీ క్యాసెట్ మీద వామ్ విన్నవాణ్ణి. నా దృష్టిలో అసలు విషయం వాళ్ళు విడిపోయిన తీరు. 1982 చివర్లో ‘యంగ్ గన్స్’ పాటతో టీవీలో మెరిశారు. 1985 ఏప్రిల్లో బీజింగ్‌లో కచేరీ చేశారు. మేనేజర్లు తమ సంస్థను వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికాలోని సన్ సిటీ రిసార్టుతో సంబంధమున్న కంపెనీకి అమ్మబోయారని తెలిసి జార్జ్ వాళ్ళతో తెగదెంపులు చేసుకున్నాడు. 1986 జూన్ 28న వెంబ్లీ స్టేడియంలో సుమారు 72,000 మంది ముందు చివరి కచేరీ. అప్పటికి ఇద్దరికీ ఇరవై మూడేళ్ళే.

ఇక్కడ స్పాండౌ బాలేను గుర్తు చేసుకోండి. అదే కాలం బ్యాండ్. పాటలు రాసిన గ్యారీ కెంప్ మీద ముగ్గురు సభ్యులు రాయల్టీల వాటా కోసం కోర్టుకెక్కి 1999లో ఓడిపోయారు. ఎన్నేళ్ళ స్నేహమో మట్టిపాలైంది. ఆండ్రూ మాత్రం జార్జ్ ఒంటరిగా ఎదగాలని తెలిసినవాడిలా పక్కకు తప్పుకున్నాడు. కరివేపాకులా తీసిపారేశారని ఏడవలేదు. 1991లో బ్రెజిల్‌లోని రియోలో తన కచేరీకి జార్జ్ పిలిస్తే వెళ్ళి పక్కన గిటార్ పట్టుకున్నాడు.

బేస్‌గిటార్:
వాక్‌మన్ గారూ, మనిషి మంచివాడు అన్నదాంట్లో నాకు పేచీ లేదు. కానీ మంచి స్నేహితుడు, మంచి సంగీతకారుడు అన్నవి రెండు ప్రశ్నలు. మీరిద్దరూ మొదటిదానికి జవాబు చెబుతున్నారు.

పాతక్యాసెట్:
జంటగా మొదలైన బ్యాండ్‌లో ఆ రెంటినీ ఎలా విడదీస్తారండీ? ఇద్దరూ కలిసి ‘కేర్‌లెస్ విస్పర్’ మొదలుపెట్టేనాటికి జార్జ్ ఇంకా టీనేజ్ కుర్రాడు. అప్పుడు పక్కన కూర్చుని గిటార్ మీద శ్రుతులు వెతికినవాడు ఆండ్రూనే కదా.