ఎక్మో తీసేటప్పుడు కోత లేకుండా తీస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

నర్సంపేట_పెద్దోడు:
మాది నర్సంపేట పక్కన పల్లె. మా తమ్ముడికి 26 ఏళ్లు. జ్వరం వచ్చి తగ్గకముందే ఆయాసం మొదలైంది. వరంగల్‌లో ఎకో తీసి, గుండె కండరానికి వాపు వచ్చింది, మయోకార్డైటిస్ అన్నారు, వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. ఇక్కడ ఎక్మో, అంటే గుండె, ఊపిరితిత్తుల పని ఒంటి బయటినుంచి చేసే మెషీన్ మీద పెట్టి వారం దాటింది. దేవుడి దయ వల్ల గుండె కోలుకుంటోంది, రేపో ఎల్లుండో మెషీన్ తీసేస్తామంటున్నారు.

రెండు పద్ధతులు చెప్పారు. థియేటర్‌కి తీసుకెళ్లి గజ్జల్లో కోసి, పైపు తీసి, రక్తనాళానికి కుట్లు వేయడం ఒకటి. కోయకుండా పైపు ఉన్న రంధ్రంలోంచే ఒక డివైస్ పంపి మూసేయడం రెండోది, దాని ఖర్చు వేరే. మా అమ్మ "మళ్లీ కొయ్యొద్దు బిడ్డా" అని ఏడుస్తోంది. మా బావేమో కళ్లతో చూసి కుట్టిందే గట్టిగా ఉంటదంటున్నాడు. సంతకం నేనే పెట్టాలి. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

హనుమకొండ_పర్ఫ్యూజనిస్ట్:
తమ్మీ, ఎక్మో మెషీన్ నడపడమే నా ఉద్యోగం. మీ తమ్ముడి రిపోర్టులు నేను చూడలేదు, అందుకని ఏ పద్ధతి మంచిదో ఇక్కడ కూర్చుని చెప్పను. డాక్టర్‌ని ఏం అడగాలో చెప్తాను.

ముందు గుండె సంగతి. మెషీన్ ఫ్లోని కొద్దికొద్దిగా నిమిషానికి లీటరు, లీటరున్నర దాకా తగ్గించి, బీపీ నిలబడుతుందా అని ఎకోలో చూస్తారు. పంపింగ్ 20, 25 శాతం దాటి, బీపీ మందులు తక్కువ డోసులోకి వస్తే చాలాచోట్ల తీయడానికి సిద్ధపడతారు. ఇంట్లోవాళ్లు 60 వస్తేనే బాగయినట్టు అనుకుని ఆ అంకె వినగానే బెంబేలెత్తిపోతారు. మయోకార్డైటిస్‌లో మెషీన్ తీశాక కూడా గుండె ఇంకా కోలుకుంటుంది, అది చూసి భయపడకు.

ఇక పైపులు. గజ్జలో పెద్దవి రెండుంటాయి. సిరలో ఉన్నదానితో పెద్ద గొడవ లేదు, అక్కడ ఒత్తిడి తక్కువ, చర్మం మీద ఒక కుట్టు వేసి కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. అసలు చర్చంతా ధమనిలో ఉన్నదాని గురించే. అది 15 నుంచి 19 ఫ్రెంచ్ సైజు ఉంటుంది, ఫ్రెంచ్ అంటే పైపు లావు కొలత, 17 అంటే దాదాపు 5.7 మిల్లీమీటర్లు. వెనక గుండె కొట్టే ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఊరికే చేత్తో నొక్కి వదిలేయలేం.

కోత లేకుండా మూసే డివైస్‌లు ముఖ్యంగా రెండు రకాలు. పర్‌క్లోజ్ ప్రోగ్లైడ్ బయటినుంచే ధమని గోడకి దారం వేసి ముడి బిగిస్తుంది. పెద్ద రంధ్రానికి మామూలుగా రెండు వాడతారు. మాంటా అనేదాంట్లో ధమని లోపల ఒక చిన్న బిళ్ల, బయట కొలాజెన్ ముద్ద ఉంటాయి. చొక్కాకి రెండు వైపులా గుండీ బిగించినట్టు మధ్యలో రంధ్రం మూసుకుపోతుంది. ఆ బిళ్లా, కొలాజెనూ కొన్ని నెలల్లో ఒంట్లోనే కరిగిపోతాయి. ఇవి గుండె వాల్వులు కాలి నుంచి మార్చే పనిలాంటి వాటిలో వాడేవి, తర్వాత ఎక్మోకి వచ్చాయి. మాంటాకి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది.

తీసే ఆ నిమిషం గురించి కూడా చెప్తా, తెలిస్తే భయం తగ్గుతుంది. మెషీన్ ఆపి పైపులకి క్లాంప్ వేస్తాం. ధమని పైపులోంచి సన్నటి వైర్ లోపలికి పంపుతారు. ఒకరు పైపు లాగుతుంటే ఇంకొకరు గజ్జ మీద గట్టిగా నొక్కి పట్టుకుంటారు, ఆ వైర్ మీదుగానే డివైస్ వెళ్తుంది. వైర్ బయటికి జారకూడదు, అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. అంతా కుదిరితే బెడ్ దగ్గరే అయిపోతుంది, ఇలాంటి పేషెంట్‌ని థియేటర్‌కి మోసుకెళ్లే ప్రమాదం తప్పుతుంది. పుండు చీము పట్టడం, నీరు కారడం కూడా తక్కువ.

అయితే అందరికీ కుదరదు. ధమనిలో సున్నం పేరుకున్నా, నాళం సన్నగా ఉన్నా, ఎమర్జెన్సీలో గుచ్చినప్పుడు మరీ పైనో కిందో పడినా డివైస్ సరిగ్గా కూర్చోదు. పైపు చుట్టూ రక్తం గడ్డకట్టి ఉంటే మీ బావ మాటే కరెక్టు. కోసి తెరిస్తే సర్జన్ ఆ గడ్డని బుడగ ఉన్న కేథటర్‌తో, అంటే సన్నటి గొట్టంతో లాగేయగలడు, డివైస్‌తో ఆ పని కాదు. కాబట్టి డాప్లర్, అంటే నాళాల్లో రక్తం ఎలా పోతుందో చూసే స్కాన్ గురించి, "డాప్లర్‌లో ధమని ఎలా ఉంది, గడ్డ ఉందా, పైపు సరైన చోటే ఉందా" అని అడుగు. "డివైస్ పట్టకపోతే కోసి కుట్టే వాస్కులర్ సర్జన్ అప్పుడు అక్కడే ఉంటారా" అని తప్పకుండా అడుగు. ఈ జవాబు వచ్చాకే సంతకం పెట్టు.

జమ్మికుంట_అక్క:
మా ఆయనకి కోసే తీశారు. షుగర్, బీడీలు, నాళాలు గట్టిపడి ఉన్నాయని డివైస్ వద్దన్నారు. ప్రాణం దక్కింది, నాకు అదే చాలు. కానీ గజ్జలో పుండు చాలా సతాయించింది, పల్చటి నీళ్లు కారుతూనే ఉండేవి, రోజూ డ్రెస్సింగే. మీ తమ్ముడు చిన్నవాడు, నాళాలు బాగుంటే అడిగి చూడు తమ్ముడూ. ఇంకో మాట, ఏ పద్ధతిలో తీసినా ఆ కాలి మీద కన్నేసి ఉంచండి. నేను రెండు పాదాలూ పట్టుకుని చూసేదాన్ని, ఒకటి చల్లగా అనిపిస్తే సిస్టర్‌ని పిలిచేదాన్ని.

హనుమకొండ_పర్ఫ్యూజనిస్ట్:
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పాదం చల్లబడినా, రంగు మారినా, వేళ్లు మొద్దుబారినా, పిక్క వాచినా వెంటనే చెప్పాలి. పైపు ఉన్న సిరలో గడ్డ ఏర్పడటం చాలామందిలో చూస్తాం, అందుకని తీశాక డాప్లర్ అడగండి. గజ్జలో కొత్తగా గడ్డలా తగిలి, నాడిలా కొట్టుకుంటుంటే అది కూడా చూపించాలి.

నర్సంపేట_పెద్దోడు:
అన్నా, అడిగినా. ధమని శుభ్రంగా ఉందట, గడ్డ లేదట, సర్జన్ పక్కనే ఉంటానన్నారు. కాలికి రక్తం పోవడానికి ఇంకో సన్న పైపు ఉందంట, దాన్నేం చేస్తారు? అమ్మకి అదొక్కటే అర్థం కావట్లేదు.

హనుమకొండ_పర్ఫ్యూజనిస్ట్:
పెద్ద పైపు ధమనిని నింపేస్తే కింద కాలికి రక్తం అందదు, అందుకే దాన్ని పెడతారు. 6 నుంచి 8 ఫ్రెంచ్, చిన్నదే. అదే పూట తీసేస్తారు. రంధ్రం చిన్నది కాబట్టి నొక్కిపట్టినా, చిన్న డివైస్‌తోనైనా సరిపోతుంది. మెషీన్ తీశాక బీపీ, మూత్రం ఎలా ఉన్నాయో రాయి.